31 డాలర్లు, ఒక గంట: మా స్ట్రాటా రికార్డులు చూసొచ్చిన కథ

2022 జూన్‌లో నాన్నకి కంటిశుక్లం ఆపరేషన్ ఉందని తెనాలి వెళ్లాను. మూడు వారాల తర్వాత సిడ్నీ తిరిగొచ్చి మా యూనిట్ (ఇక్కడ ఫ్లాట్‌ని అలా అంటారు) తలుపు తీస్తే గుప్పున తడి వాసన కొట్టింది. బాల్కనీ పక్కగదిలో కార్పెట్ అంచు చెయ్యి పెడితే పిండేలా ఉంది. సూట్‌కేసులు హాల్లో వదిలేసి మెయిల్ తెరిస్తే అందులో మా బిల్డింగ్ వ్యవహారాలు చూసే స్ట్రాటా మేనేజర్ నోటీసు. బాల్కనీల వాటర్‌ప్రూఫింగ్ కోసం ప్రత్యేక లెవీ, అంటే ఓనర్లందరి మీదా వేసే చందా, మా వాటా 5,160 డాలర్లు, నెల గడువు.

మూడు నెలలకోసారి కట్టే మామూలు లెవీ కాక ఇది అదనం. ఇండియా టికెట్లకీ ఆపరేషన్‌కీ అయిన ఖర్చు మీద ఇది వచ్చి పడేసరికి మా ఆయనా నేనూ ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. స్ట్రాటా అంటే మన అపార్ట్‌మెంట్ లాంటిదే కానీ హక్కు పత్రం వేరేగా ఉంటుంది. ఈ పద్ధతి పుట్టిందే మేముండే న్యూ సౌత్ వేల్స్‌లో, 1961 చట్టంతో. అంతకు ముందు ఫ్లాట్ కొనాలంటే ఒక కంపెనీలో షేర్లు కొనుక్కుని, ఆ షేర్ల మీద ఫలానా ఫ్లాట్‌లో ఉండే హక్కు తెచ్చుకునేవాళ్లట. స్ట్రాటా వచ్చాక ఫ్లాట్‌కి సొంత టైటిల్ వచ్చింది. తర్వాత సింగపూర్, మలేషియా కూడా ఇదే దారి పట్టాయి. మా యూనిట్‌లో నాదంటూ ఉన్నది లోపలి గాలి, గోడకి వేసిన రంగు, కార్పెట్ లాంటివే. చుట్టూ ఉండే గోడలు మాత్రం అందరివీ. బాల్కనీ పలక కింద ఉండే వాటర్‌ప్రూఫింగ్ పొర కూడా మా బిల్డింగ్‌లో అందరిదే. ఆ అందరినీ కలిపి ఓనర్స్ కార్పొరేషన్ అంటారు. అందులో చేరడం, మానడం అనేవి ఉండవు, కొన్నరోజే సభ్యులైపోతాం. ఎవరి వంతు ఎంతో ప్లాన్‌లోనే రాసి ఉంటుంది. మా బిల్డింగ్‌లో 24 యూనిట్లకి కలిపి 1000 వంతులు, మాది 43. పని ఖర్చు 1,20,000 డాలర్లు కాబట్టి మా లెక్క 5,160.

లెక్క తప్పు లేదు. నాకు అర్థం కానిది ఆ 1,20,000 ఎక్కడి నుంచి వచ్చిందన్నదే.

నోటీసు కింద ఇచ్చిన లింకు నొక్కితే ఓనర్ల కోసం మేనేజర్ నడిపే వెబ్ పోర్టల్‌లో మీటింగ్ మినిట్స్, అంటే మీటింగ్‌లో జరిగినదాని రాతప్రతులు, ఉన్నాయి. నేను తెనాలిలో ఉన్నప్పుడు ప్రత్యేక సర్వసభ్య సమావేశం జరిగింది. ముందుగా మెయిల్ పంపారు, నేనే చూసుకోలేదు. హాజరైనవాళ్లు ఐదుగురు. మరి కోరం ఎలా సరిపోయింది? ఇక్కడ అరగంట ఆగాక కూడా కోరం లేకపోతే, వచ్చినవాళ్లే కోరమని అధ్యక్ష స్థానంలో ఉన్నాయన ప్రకటించొచ్చు. చట్టంలోనే ఉంది. అలా ఐదుగురు 24 ఇళ్ల మీద లక్షా ఇరవై వేలు వేశారు. నేను వెళ్లుంటే ఆరుగురం అయ్యేవాళ్లం. ఆ మాట కూడా చెప్పుకోవాలి.

మేనేజర్‌కి మర్యాదగా మెయిల్ పెట్టాను. కొటేషన్లు ఎన్ని తీసుకున్నారు, ఇంజనీర్ ఎవరైనా చూశారా, పంపగలరా అని. వారం గడిచింది, జవాబు లేదు. ఫోన్ చేస్తే ఒక అమ్మాయి, "అది కమిటీ నిర్ణయం, కొటేషన్లు బయటికివ్వం, ప్రైవసీ" అంది. ఎవరి ప్రైవసీ అని అడిగాను. మేనేజర్‌ని అడిగి చెబుతానంది. చెప్పలేదు.

అసలు అక్కడే వదిలేసేదాన్నేమో. ఎందుకంటే మా ఇంట్లో దీనికి ఒక చరిత్ర ఉంది. తెనాలిలో నాన్నావాళ్ల అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి నాన్న ఆరేళ్లు ట్రెజరర్. పొడుగు నోట్‌బుక్‌లో ఎర్ర ఇంకుతో గీతలు గీసి, లిఫ్ట్ మెయింటెనెన్స్ దగ్గర్నుంచి వాచ్‌మన్ టార్చిలైట్ బ్యాటరీల దాకా రాసేవారు. మూడో అంతస్తు ఆయన ఒకసారి మీటింగ్‌లో లేచి, "మోటారు రిపేరు బిల్లు ఒకసారి చూపిస్తారా?" అన్నాడు. నాన్న బిల్లు చూపించారు. పుస్తకం కూడా బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేశారు. తర్వాత రెండేళ్లు ఆయనతో మాట్లాడలేదు. మన దగ్గర లెక్క అడగడమంటే దొంగ అన్నట్టే కదా. నేను ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఇక్కడ కారిడార్‌లో కనిపిస్తే నవ్వే మనుషుల్ని బిల్లు చూపించమనడానికి నోరు రాలేదు.

నోరు తెప్పించింది సిడ్నీలోనే వెంట్‌వర్త్‌విల్‌లో ఉండే ఒక అక్క. గుడిలో పరిచయం. ఇళ్ల రిజిస్ట్రేషన్ పనులు చూసే ఆఫీసులో చేస్తారు. నేను గోడు చెప్పుకుంటుంటే సగంలో ఆపి, "అడుక్కోవడం దేనికమ్మా? సెక్షన్ 182 కింద రాసి 31 డాలర్లు కట్టు. వాళ్లు చూపించి తీరాలి" అన్నారు.

2015 నాటి స్ట్రాటా స్కీమ్స్ మేనేజ్‌మెంట్ యాక్ట్‌లోది ఆ సెక్షన్. ఓనరైనా, ఓనర్ రాసిచ్చిన మనిషైనా, ఇంటి మీద అప్పిచ్చిన బ్యాంకైనా రికార్డులు చూస్తామని అడగొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. కమిటీ అనుమతి అక్కర్లేదు. అప్పట్లో ఫీజు మొదటి గంటకి 31 డాలర్లు, ఆ తర్వాత ప్రతి అరగంటకీ 16. ఎక్కడ, ఎప్పుడు అనేది ఇద్దరూ మాట్లాడుకుని కుదుర్చుకోవాలి. కుదరకపోతే ఉత్తరం అందిన పది రోజుల్లోపు వాళ్లే టైము చెప్పి చూపించాలి. చూసినవి నకలు తీసుకోవచ్చు, కాగితాలు మాత్రం పట్టుకుపోకూడదు.

"ఇంకో మాట. కోపంతో లెవీ ఆపేవు, ఓటు పోతుంది. నెల దాటితే ఏడాదికి 10 శాతం వడ్డీ" అన్నారు అక్క. అందుకని ముందు 5,160 కట్టేశాను. క్రెడిట్ కార్డు మీద.

ఉత్తరం ఆరు లైన్లు రాశాను. ఫలానా స్ట్రాటా ప్లాన్ నంబరు, ఫలానా లాట్ (యూనిట్) ఓనర్ని, సెక్షన్ 182 కింద ఇవి చూడాలి అని. జాబితాలో స్ట్రాటా రోల్ (ఓనర్ల పట్టిక), ఐదేళ్ల మినిట్స్, రెండు ఫండ్ల (రోజువారీ ఖర్చులది, పెద్ద రిపేర్లది) ఆర్థిక నివేదికలు, పదేళ్ల క్యాపిటల్ వర్క్స్ ప్లాన్ (పెద్ద రిపేర్ల ప్రణాళిక), ఇన్సూరెన్స్ పాలసీ, కొటేషన్లు, బిల్లులు, ఇంజనీర్ రిపోర్టులు, కమిటీకీ మేనేజర్‌కీ నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు. "అన్ని రికార్డులు అని ఒక్కమాటలో రాస్తే వాళ్లకి తోచినవి చూపిస్తారు, పేరు పెట్టి అడుగు" అని అక్క ముందే చెప్పారు.

ఫోన్‌లో ప్రైవసీ అన్న ఆఫీసు నుంచి మర్నాడే జవాబొచ్చింది. మొదట, అన్నీ పోర్టల్‌లో ఉన్నాయి కదా అన్నారు. పోర్టల్‌లో మినిట్స్, బై-లాస్ (బిల్డింగ్ నియమాలు), ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ తప్ప ఏమీ లేవని రాశాను. అప్పుడు గురువారం పదింటికి రమ్మన్నారు. డ్యూటీకి సెలవు పెట్టాను.

ఆఫీసులో ఒక గాజు గది. బల్ల మీద ఒక కంప్యూటర్, పక్కన రెండు అట్టపెట్టెలు. ప్రింట్ కావాలంటే పేజీకి ఇంత అని గోడకి అంటించి ఉంది. ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటానన్నాను. ఆ అమ్మాయి లోపలికెళ్లి అడిగొచ్చి, సరేనంది. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంది. అదే టెన్షన్, అదే అరచేతుల చెమట.

మొదటి ఇరవై నిమిషాలూ వృథా చేసుకున్నాను. బిల్లుల ఫోల్డర్ తెరిచి, తోటపనికి ఎంత, లైట్లకి ఎంత అని వరసగా చూస్తూ పోయాను. దొంగని పట్టుకోవాలని వెళ్లానన్నమాట. దొంగ దొరకలేదు. గడ్డి కోసినవాడి బిల్లు గడ్డి కోసినంతే ఉంది. ఇన్సూరెన్స్ ప్రీమియంలో మేనేజర్ కంపెనీకి 20 శాతం కమీషన్ అని కనబడగానే దొరికాడనుకున్నాను. తీరా చూస్తే అది ఏటా ఏజీఎం (వార్షిక సమావేశం) మినిట్స్‌లో ఒక లైనుగా రాసి ఉంది. నాలాంటివాళ్లు చదవని లైను. కొటేషన్ ఒక్కటే ఉంది. అది కూడా తప్పు కాదని తర్వాత తెలిసింది. అప్పటి చట్టంలో 30,000 డాలర్లు దాటిన పనికి రెండు కొటేషన్లు తప్పనిసరి అన్నది 100 యూనిట్లకి మించిన పెద్ద స్కీములకే. మావి 24. చిన్న బిల్డింగులకి కూడా ఆ నియమం 2023 డిసెంబర్‌లో వచ్చింది.

అప్పుడు బిల్లులు మూసేసి మినిట్స్ మొదలుపెట్టాను. ముందే చేయాల్సిన పని అది. మినిట్స్ వరసగా చదివితే కథలా వస్తుంది. ఒక మీటింగ్‌లో ఎత్తిన మాట తర్వాతి మీటింగ్‌లో ఏమైందో చూడాలి. 2019 ఆగస్టు కమిటీ మినిట్స్‌లో ఒక వాక్యం ఉంది: బాల్కనీలపై ఇంజనీర్ నివేదికను సభ్యుల ముందుంచడమైనది, నిర్ణయం వాయిదా. తర్వాతి మీటింగ్‌లో దాని ఊసు లేదు. ఆ తర్వాత కూడా లేదు. ఇంజనీర్ రిపోర్టుల ఫోల్డర్ తెరిచాను. అగ్నిమాపక తనిఖీలవి ఉన్నాయి, లిఫ్ట్ లేని బిల్డింగ్‌కి లిఫ్ట్ పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ ఉంది, 2019 రిపోర్టు లేదు. అట్టపెట్టెల్లో వెతికాను. లేదు. ఆ ఇంజనీర్‌కి కట్టిన బిల్లు మాత్రం ఉంది, 2,750 డాలర్లు.

అంటే డబ్బు కట్టారు, కాగితం వచ్చింది, కమిటీ చూసింది, ఫైల్లో మాత్రం పెట్టలేదు. రికార్డులు ఏడేళ్లు ఉంచాలని చట్టం. మూడేళ్లకే ఎక్కడికి పోయింది?

గంటన్నర అయ్యేసరికి ఆ అమ్మాయి తలుపు దగ్గరకొచ్చి గడియారం చూసింది. ఇంకో అరగంట అన్నాను. మొత్తం 63 డాలర్లు.

ఆ చివరి అరగంటలో నేను చూసిన ఇంకో కాగితం గురించి చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. లెవీ బకాయిల పట్టీ అది. యూనిట్ నంబరు, పేరు, బాకీ. రెండు యూనిట్లు ఉన్నాయి అందులో. ఒకటి కమిటీలో ఉన్న పెద్దాయనది. కింది అంతస్తులో ఉంటారు, మా పాపకి ఈస్టర్‌కి చాక్లెట్ గుడ్లు ఇస్తారు. ఆరు వేల పైచిలుకు బాకీ, నెలకి ఇంత చొప్పున కడతానని ఒప్పందం. పక్కనే ఆయన రాసిన ఉత్తరం స్కాన్ చేసి ఉంది. భార్య పోయాక పెన్షన్ తగ్గిందని, కారు అమ్మి కొంత కడతానని. ఆ కారు గరాజ్‌లో కనపడటం లేదేమా అని నేను ఆయన్నే ఒకసారి అడిగాను. ఈ వయసులో నడక మంచిదమ్మా అన్నారు.

జూన్ మీటింగ్‌లో ఆ ఐదుగురిలో ఆయన ఒకరు. బాకీ ఉన్నవాళ్లకి ఓటు ఉండదని అక్క చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఓటు తీసేస్తే తీర్మానం 3-2 కాదు, 2-2. నా చేతిలో ఫోన్ ఉంది. ఫొటో తీశాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చూపిస్తే ఎగిరి గంతేశాడు. "ఇంకేం, మీటింగే చెల్లదు పో!" అన్నాడు. నేను ఆ ఫొటోని పక్కన పెడదామన్నాను. రెండ్రోజులు మా ఇద్దరికీ ఇదే వాదన. ఆయన చెప్పేదాంట్లో న్యాయం ఉంది. కానీ బాల్కనీ కారేది నిజం, బాగు చేయించాల్సిందే. ఒక ముసలాయన పరువు తీసి మీటింగ్ కొట్టేయించినా మళ్లీ అదే పనికి అదే డబ్బు కట్టాలి. నాకు కావాల్సింది ఆ రిపోర్టు.

అప్పుడే ఇంకో సంగతి తట్టింది. మేం ఈ ఇల్లు కొన్నది 2020లో. కొనే ముందు స్ట్రాటా రికార్డులు చూసి రిపోర్టిచ్చే మనిషికి డబ్బు కట్టాం. అతను అమ్మేవాళ్ల అనుమతి కాగితం పట్టుకుని వెళ్లి చూసింది కూడా ఇదే సెక్షన్ కింద. ఆ రిపోర్టు మెయిల్‌లో వెతికి తీశాను. 38 పేజీలు. అప్పుడు మేం చదివింది మొదటి పేజీ, ఆఖరి పేజీ. 22వ పేజీలో ఉంది: 2019 ఆగస్టు మినిట్స్‌లో ఇంజనీర్ నివేదిక ప్రస్తావన ఉంది, ప్రతి కనబడలేదు, కొనేవారు విచారించుకోవడం మంచిది. రెండేళ్ల క్రితమే ఒకడు మాకు వేలెత్తి చూపించాడు. వంటగది చిమ్నీ ఏ కంపెనీదో చూసుకుంటూ కూర్చున్నాం మేం.

రెండో ఉత్తరం రాశాను. మరో 31 డాలర్లు. ఈసారి రెండే అడిగాను: 2019 ఇంజనీర్ రిపోర్టు, దాని గురించి కమిటీ సభ్యులకీ మేనేజర్‌కీ మధ్య నడిచిన మెయిళ్లు. రిపోర్టు ఫైల్లో లేదని, మెయిళ్లు సభ్యుల సొంతమని జవాబిచ్చారు. ఆ సెక్షన్‌లో జాబితా అంతా అయ్యాక ఆఖర్న ఒక వల లాంటి మాట ఉంది. ఓనర్స్ కార్పొరేషన్ ఆధీనంలో కానీ అదుపులో కానీ ఉన్న ఇతర రికార్డు ఏదైనా అని. మేనేజర్ మా అందరి తరఫున పనిచేస్తున్నాడు, అతని ఆఫీసు కంప్యూటర్‌కి మా పని మీద వచ్చిన మెయిల్ మా రికార్డే అని నా వాదన. రికార్డులు అన్యాయంగా దాచిపెడితే ఇప్పించమని ఆదేశించే అధికారం సెక్షన్ 188 కింద ట్రిబ్యునల్‌కి ఉంది. ఇక్కడ దాన్ని ఎన్‌క్యాట్ అంటారు. ఆ సంగతి కూడా ఒక లైను రాశాను. అరవకుండా, బెదిరించకుండా, సెక్షన్ నంబరు వేసి.

ఆ లైనుకీ కదల్లేదు. అప్పుడు ఫెయిర్ ట్రేడింగ్ అనే రాష్ట్ర ప్రభుత్వ శాఖ చేసే మధ్యవర్తిత్వానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాను. దానికి ఫీజు లేదు. రాజీ కోసం ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. తేదీ రాకముందే మేనేజర్ నుంచి ఫోన్ వచ్చింది. మొదటిసారి మేనేజరే స్వయంగా మాట్లాడాడు. "పాత మెయిళ్లలో దొరికిందండీ, వచ్చి చూసుకోండి" అన్న ధోరణిలో, నేను ఏదో పోగొట్టుకుంటే ఆయన వెతికిపెట్టినట్టు.

అదే గాజు గది. రిపోర్టు 14 పేజీలు, ఫొటోలతో. మా బాల్కనీ ఫొటో ఉంది అందులో, మాకంటే ముందున్నవాళ్ల కుర్చీలతో. వాటర్‌ప్రూఫింగ్ పొర అయిపోయింది, ఏడాదిలోగా మార్చాలి, అంచనా 64,000 డాలర్లు. మూడేళ్లు ఆగినందుకు, మధ్యలో ఇనుము తుప్పు పట్టి కాంక్రీటు పెచ్చులూడినందుకు 64 కాస్తా 120 అయింది. 2022 వానలు కూడా కలిశాయిలెండి. 1950 నాటి సిడ్నీ వార్షిక రికార్డు ఆ ఏడు అక్టోబర్ మొదట్లోనే చెరిగిపోయింది.

మెయిళ్లు చదువుతుంటే చెవులు వేడెక్కాయి. 2019లో కమిటీ అధ్యక్షుడు తన యూనిట్ అమ్మకానికి పెట్టే పనిలో ఉన్నాడు. ఈ విషయం వసంతం (ఇక్కడ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా) అయ్యాక చూద్దాం, ఇప్పుడే మినిట్స్‌లో వివరంగా రాయొద్దు అని అతని మెయిల్. కొనేవాళ్ల తరఫున వచ్చి చూసే మనిషికి దొరక్కూడదని అర్థం, నేను చేసుకున్న అర్థం. అతను అమ్ముకుని వెళ్లిపోయాడు. 2022 మే నెల మెయిల్ ఒకటి ఇప్పటి కార్యదర్శిది: పాత రిపోర్టు అందరికీ పంపకండి, యూనిట్ 9 వాళ్ల నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. యూనిట్ 9 మేమే. అప్పటికి నేను ఒక్క ప్రశ్న కూడా అడిగి ఉండలేదు. కారిడార్‌లో హలో అనడం తప్ప ఆవిడకి నాతో పరిచయమే లేదు. నన్ను చూసి ఏమనుకుందో ఏమో.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. కన్ను ఎలా ఉందని అడగడం కూడా మర్చిపోయాను. ఆయన విని, "వాళ్లెవరూ డబ్బు తినలేదుగా?" అన్నారు. లేదన్నాను. "నేనూ తినలేదు. అయినా ఆ మోటారు బిల్లు అడిగితే ఉడుక్కున్నాను. అది ట్యాక్స్ వేయని బిల్లమ్మా, అందుకు" అన్నారు. ఇన్నేళ్లకి చెప్పారు ఆ మాట.

ఇక చేయాల్సిన పని స్ట్రాటా రోల్‌తో. అందులో ఓనర్ల పేర్లూ చిరునామాలూ ఉంటాయి. మా 24 యూనిట్లలో 14 అద్దెకిచ్చినవి. ఓనర్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఒకాయన హైదరాబాద్ కూకట్‌పల్లిలో! తెలుగులోనే ఉత్తరం రాశాను. మూడో రోజు వాట్సాప్ చేశారు. "మేడమ్, నేను కట్టేశాను, ఏజెంట్ కట్టమన్నాడు, దేనికో తెలీదు" అని.

మొత్తం వంతుల్లో పావు వంతు ఉన్నవాళ్లు సంతకం పెడితే ప్రత్యేక సమావేశం పిలవక తప్పదు. 250 కావాలి. ఆరు యూనిట్లతో 258 వచ్చాయి. ఉత్తరంలో ఎవర్నీ తిట్టలేదు. రిపోర్టు ప్రతి జత చేసి మూడు తీర్మానాలు పెట్టాను. ఇంకో కొటేషన్ తేవాలి, లెవీ మూడు వాయిదాలు చేయాలి, ఇకపై ఏ నిపుణుడి రిపోర్టు వచ్చినా 14 రోజుల్లో పోర్టల్‌లో పెట్టాలి.

నవంబర్‌లో సమావేశం. స్థానిక లైబ్రరీ గదిలో, సగం మంది ఆన్‌లైన్‌లో. ఓటు హక్కున్న పదకొండు యూనిట్లు వచ్చాయి. కార్యదర్శి నావైపు చూడలేదు. మేనేజర్, ఇదంతా అనవసరమైన ఆలస్యం, ధరలు ఇంకా పెరుగుతాయి అన్నాడు. దానికి ఎవరో ఆన్‌లైన్‌లోంచి, "2019 నుంచి ఆగింది ఎవరు?" అన్నారు. నేను అనాల్సిన మాట. ఇంకెవరో అనేసరికి హాయిగా అనిపించింది. మూడూ నెగ్గాయి. మూడో తీర్మానం ఒక్క ఓటుతో.

కింది అంతస్తు పెద్దాయన వచ్చారు, వెనక వరుసలో కూర్చున్నారు. చేతులెత్తినప్పుడల్లా ఆయన చెయ్యి ఒళ్లోనే ఉంది. అయ్యాక కుర్చీలు సర్దుతుంటే దగ్గరకొచ్చి, "నాకీరోజు ఓటు లేదు, తెలుసుగా" అన్నారు. తెలియదని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు. ఇంటికొచ్చి ఆ ఫొటో తీసేశాను.

రెండో కొటేషన్ 98,000కి వచ్చింది. మా వాటా 4,214. అంటే 946 డాలర్లు తిరిగి మా ఖాతాలో జమ వేశారు. నేను కట్టిన ఫీజులు 94, పోయిన సెలవులు రెండు. మూడేళ్ల కింద చేసుంటే మా బాల్కనీకి పడే వాటా ఎంతో మా ఆయన ఇప్పటికీ లెక్కేస్తుంటాడు. 64 వేల మీద 43 వంతులు, 2,752. అప్పుడైతే అది మాకంటే ముందున్నవాళ్లు కట్టుకునేవాళ్లు.

పని ఏప్రిల్‌లో మొదలైంది. పలకలు లేపితే కింద పాత పొర అరటి తొక్కలా ఊడొచ్చింది. కార్పెట్ ముక్క మాత్రం మా ఖర్చే. అది లోపలిది కదా, మాదే.

పోర్టల్‌లో ఇప్పుడు రిపోర్టులని ఒక ఫోల్డర్ ఉంది. మొన్న చూస్తే మూడు ఫైళ్లున్నాయి. మూడో దాని పేరు గట్టర్లు. ఇంకా తెరవలేదు.